రాగం తప్పినా సరే, పేరు తప్పొద్దు

యూదులంటే మన వాడల్లో తెలియనిదెవరికి? ప్రతి ఆదివారం చర్చిలో దావీదు కీర్తనలు పాడుకునేవాళ్లమే గదా. అయితే దావీదు రాజు. రాజు పాటకు గ్రంథంలో చోటు దొరికింది. అదే జాతిలో పుట్టి, తూర్పు యూరపు ఊళ్లల్లో చెప్పులు కుట్టినవాళ్ల పాట, బట్టలు కుట్టినవాళ్ల పాట, ఉయ్యాల ఊపిన తల్లుల పాట ఏమైంది?

వాళ్ల భాష యిడ్డిష్. చదువుకున్న యూదులే చాలామంది అది భాషే కాదన్నారు. 'జార్గన్' అని ఈసడించారు. మన మాటను మొరటుమాట అన్న పండితులు గుర్తొస్తున్నారు గదా! ఆ ఈసడింపును లెక్కచేయకుండా 1912లో అన్‌స్కీ అనే రచయిత బయలుదేరాడు. ఆయన బృందం 1914 దాకా నేటి ఉక్రెయిన్‌లోని చిన్న చిన్న ఊళ్లు తిరిగి, మైనపు గొట్టాల మీద పాటలు రికార్డు చేసింది. 1925లో పుట్టిన యివో అనే సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. మీ ఊరి పాట, సామెత, కథ మీరే సేకరించి పంపండని మామూలు జనాన్నే అడిగింది.

తర్వాత హిట్లర్ వచ్చాడు. 60 లక్షలమంది యూదులను చంపించాడు. అందులో ఎక్కువమంది యిడ్డిష్ మాట్లాడేవాళ్లే. పాటతోపాటు పాడే గొంతులే పోయాయి. విల్నా ఘెట్టో నుంచి బతికి బయటపడిన కాచెర్గిన్‌స్కీ, ఘెట్టోల్లో, శిబిరాల్లో పుట్టిన పాటలు పోగుచేసి 1948లో పుస్తకం వేశాడు. చంపేవాడు మనిషితో ఆగడు, గుర్తును కూడా చంపుతాడని ఆయనకు తెలుసు.

అదే కాలంలో అమెరికాలో జానపదాల ఊపు మొదలైంది. గిటారు పట్టిన పిల్లలంతా పల్లెపాట పాడారు. యూదుల పాటలూ స్టేజీ ఎక్కాయి. 1950లో 'వీవర్స్' బృందం పాడిన హీబ్రూ పాట 'సేనా సేనా' దేశమంతా మోగింది. 1960లో జోన్ బయెజ్ 'డోనా డోనా' పాడింది. అది యిడ్డిష్ నాటకం పాటకు ఇంగ్లీషు అనువాదం. మంచి పాటలే, కాదనను. కానీ రెండూ పేరున్న రచయితలు కట్టినవి. బట్టల ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకున్న ముసలమ్మ పాట ఎవరు వినాలి?

రూత్ రూబిన్ విన్నది. 1906లో పుట్టి మాంట్రియల్‌లో పెరిగిన ఈమె, యుద్ధం తర్వాత ఇరవయ్యేళ్లపాటు వలసొచ్చిన యూదుల పాటలు రికార్డు చేసింది. పోగైనవి సుమారు 2 వేలు. వాయిద్యం లేదు, మెరుగు లేదు. గొంతు వణికినా, చరణం మరిచినా అలాగే ఉంచింది. పాడినవాళ్ల పేర్లు పోనివ్వలేదు. 2000లో ఆమె చనిపోయింది. ఆ గొంతులు ఇప్పుడు న్యూయార్కులోని యివోలో ఉన్నాయి. ఎవరైనా వినొచ్చు.

ఇక మన సంగతి. వాళ్ల చరిత్ర, మన చరిత్ర ఒకటేనని నేననడం లేదు. కానీ నేర్చుకోవాల్సింది ఉంది. మనదగ్గర పాట వాడది, పేరు ఇంకొకరిది. సినిమాకెక్కితే కవిగారి పేరు, పుస్తకమెక్కితే 'సేకరణ: ఫలానా పండితుడు'. పాడిన మాదిగ తల్లి, మాల తల్లి పేరు ఎక్కడ? ఆమెకు 'జానపదం' అనే ఒక్క మాట మిగులుతుంది.

మన కార్యకర్తల్లోనే కొందరు, అవన్నీ బానిస పాటలు, మనకెందుకు అంటారు. యిడ్డిష్ పాటల్లోనూ అనాథల ఏడుపుంది, జారు సైన్యం ఎత్తుకుపోయిన బిడ్డల కోసం తల్లుల శోకముంది. రూబిన్ వాటిని తీసి పారేయలేదు. ఏడ్చిన నోరే రేపు ఎదురు తిరుగుతుంది. ఏడుపు చెరిపేస్తే తిరుగుబాటుకు వేరుండదు.

ఇవాళ ప్రతి వాడలో సెల్‌ఫోను ఉంది. నాట్ల పాట, చావు పాట, చిందు, డక్కలి కథ ఏదైనా సరే, ఆమెను అడిగి, ఆమె ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. మధ్యలో కోయొద్దు, సంగీతం కలపొద్దు. పేరు, ఊరు, పని, ఎవరి దగ్గర నేర్చిందో ఆమె నోటితోనే చెప్పించండి. ఒక కాపీ ఆమె ఇంట్లో, ఇంకొకటి వాడలో ఉండాలి.

1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ శవాల మీద పడి తల్లులు ఏ మాటలతో ఏడ్చారో మన పిల్లలకు వినిపించగలమా? పోలీసు రికార్డులో ఆ ఏడుపు ఉండదు. ఆ తల్లులు ముసలివాళ్లయ్యారు. వచ్చే పండగ దాకా ఆగొద్దు.

జై భీమ్.