విడుదల కాదు, బెయిలు

మా వీధి చివర కరెంటు స్తంభానికి మళ్ళీ ఫ్లెక్సీ కట్టారు. మూడు రోజుల విడుదల కూటాలట. అప్పుల నుండి విడుదల, రోగాల నుండి విడుదల, చేతబడి నుండి విడుదల, పిల్లలు లేనివారికి విడుదల. కింద కానుకలు పంపడానికి స్కానర్. పక్కింటి చెల్లి కరపత్రం తెచ్చిచ్చి, "మీ అత్తయ్యగారిని కూడా తీసుకురండి అక్కా, ముందు వరసలో కుర్చీలు వేస్తారంట" అంది. ఆ అమ్మాయి మంచిది. అందుకే గుమ్మంలో వాదన పెట్టుకోకుండా లోపలికొచ్చి ఇది రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నేను క్రైస్తవురాలిని. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ మూడు తరాలుగా విశ్వాసులమే. ఇది బయటివాళ్ళ ఎగతాళి అనుకోకండి, ఇంట్లోవాళ్ళ పోట్లాట అనుకోండి.

నేను డిగ్రీలో తెలుగు చదివినదాన్ని, మాట కనిపిస్తే అటూ ఇటూ తిప్పి చూసే రోగం పోలేదు. విడుదల అనే మాట మనకు జైలు దగ్గర వినిపిస్తుంది, సినిమా దగ్గర వినిపిస్తుంది, చర్చిలో వినిపిస్తుంది. జైల్లోంచి బయటికొచ్చినవాణ్ణి వారం వారం వచ్చి సంతకం పెట్టి పొమ్మంటే దాన్ని విడుదల అనరు, బెయిలు అంటారు. తప్పితే మళ్ళీ లోపలేస్తారు. మనలో చాలామంది ఆడవాళ్ళం ఏళ్ళ తరబడి బెయిలు మీద తిరుగుతూ, అదే విడుదల అని సాక్ష్యాలు చెప్పుకుంటున్నాం. ఒక శుక్రవారం ఉపవాసం తప్పితే పిల్లాడికి జ్వరం. దశమ భాగంలో వంద తగ్గితే మిక్సీ కాలిపోవడం. తల్లో పూలు పెట్టుకుంటే ఆయనకు ప్రమోషన్ ఆగిపోవడం. అన్నీ మన లెక్కలోకే వస్తాయి.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మూడేళ్ళ కిందట, శ్రమల కాలంలో. మా అత్తయ్యకు పదిహేనేళ్ళుగా సుగరు. ఊరి బయట టెంటు వేసి జరిపే ఒక కూటానికి ఎవరో తీసుకెళ్ళారు. ఎవరో ఏమిటి, నేనే తీసుకెళ్ళాను, రాసేటప్పుడైనా నిజం రాయాలి. అక్కడ సేవకుడు స్టేజీ మీద నుంచి, మాత్రలు మింగడమంటే దేవుణ్ణి అనుమానించడమే అన్నాడు. చిన్న సీసాలో ప్రార్థన చేసిన నూనె, కానుక 300 రూపాయలు. అత్తయ్య మాత్రల డబ్బా బీరువా మీద పెట్టేసి నలభై రోజులు కాళ్ళకు ఆ నూనె రాసుకుంది. నాకు లోపల భయమే. కానీ మాత్ర వేసుకోమంటే నాకు విశ్వాసం తక్కువ అనుకుంటారేమోనని ఇంకో భయం. రెండో భయమే గెలిచింది. చెప్పు కరిచిన చిన్న పుండు నల్లబడింది. గుంటూరు తీసుకెళ్ళేసరికి సుగరు 400 దాటి ఉంది. కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు.

మా వారు ఆ సేవకుడికి ఫోన్ చేశారు. "మీ ఇంట్లో ఎవరిలోనో అవిశ్వాసం ఉంది బ్రదర్, చూసుకోండి" అన్నాడట. ఇంట్లో కొడుకున్నాడు, మనవడున్నాడు. అవిశ్వాసం మాత్రం ఎవరు వెతికినా కోడలి దగ్గరే దొరుకుతుంది.

ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో చాప మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టాను. ప్రభువా, వచ్చే నెల నుంచి దశమ భాగం లెక్కగా ఇస్తాను, ఉపవాసం తప్పను, గాజులు తీసేస్తాను, టీవీ చూడను. చెప్పుకుంటూ పోతుంటే నా గొంతు నాకే వినిపించింది. చిన్నప్పుడు మా నాన్న వడ్డీకిచ్చినాయన అరుగు కింద నిలబడి ఇలాగే మాట్లాడేవాడు. ఈ పంటకు తీర్చేస్తానయ్యా, ఇంకొక్క నెల ఆగండయ్యా అని. అదే గొంతు. నలభయ్యేళ్ళు తండ్రీ అని పిలిచి, వడ్డీ వ్యాపారితో మాట్లాడినట్టు మాట్లాడాను.

ఇంటికొచ్చాక లూకా సువార్త 13వ అధ్యాయం తీశాను. పద్దెనిమిదేళ్ళుగా నడుం వంగిపోయిన ఒక స్త్రీ సమాజమందిరానికి వస్తుంది. ఆమె ఏమీ అడగదు. అడిగిందని అక్కడ లేదు, మీరే చూడండి. యేసు తనే చూసి, తనే పిలిచి, విడుదలైందని చెప్పి చేతులుంచుతాడు. నీకు విశ్వాసం ఉందా అనలేదు, ఉపవాసం ఉన్నావా అనలేదు, కానుక పళ్ళెం చూపించలేదు. ఆమె నిటారుగా నిలబడితే మందిరపు అధికారికి కోపం వచ్చింది, అది విశ్రాంతి దినం కాబట్టి. ఆ కోపం యేసు మీద చూపించే ధైర్యం లేక జనం మీద చూపిస్తాడు, మిగతా ఆరు రోజుల్లో వచ్చి బాగుపడండని. దానికి యేసు ఇచ్చిన జవాబు పల్లెటూరి పిల్లనైన నాకు భలే నచ్చింది. విశ్రాంతి దినమైనా ఎద్దునో గాడిదనో కట్టు విప్పి నీళ్ళకు తోలుకెళ్తారు కదా, ఈమె అబ్రాహాము కూతురు, ఈమె కట్టు విప్పకూడదా అని అడిగాడు.

ఎద్దు అంటే పౌలు గలతీయులకు రాసిన ఉత్తరంలో కాడి గుర్తొస్తుంది. క్రీస్తు కృప వల్ల విశ్వాసులైనవాళ్ళ దగ్గరికి కొందరొచ్చి, అది చాలదు, సున్నతి కూడా ఉండాలని పెట్టారు. పౌలుకు ఎంత మండిందో ఆ ఉత్తరం చదివితే తెలుస్తుంది. విడిపించబడ్డాక మళ్ళీ కాడి కింద మెడ పెట్టొద్దని అయిదో అధ్యాయంలో మొత్తుకుంటాడు. మా నాన్నకు ఒక ముసలి ఎద్దు ఉండేది, మెడ కాయ కాసిపోయి. దాన్ని పనికి మానిపించాక కూడా పొద్దున్నే వెళ్ళి బండి ముందు నిలబడేది. ఆ ఎద్దును చూసి అప్పుడు నవ్వాను.

మా అత్తగారి వైపు లూథరన్లు. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చిన కథ మా మామగారు ఉన్నన్నాళ్ళూ పదిసార్లు చెప్పేవారు. ఏటా అక్టోబరు నెలాఖరున చర్చిలో లూథరు కథ చెప్పుకుంటాం. పాపక్షమాపణ పత్రాలు డబ్బులకు అమ్ముతుంటే 1517లో ఎదురు తిరిగాడని పిల్లలతో నాటిక కూడా వేయిస్తాం. నాటిక అయ్యాక ఇంటికొచ్చి నూనె సీసా కొనుక్కుంటాం. అప్పుడు కాగితం, ఇప్పుడు నూనె. మధ్యలో 500 ఏళ్ళు ఎటు పోయాయో!

ఇది చదివి ఎవరో ఒకరు అంటారు, అభిషిక్తుల మీద నోరు పారేసుకోకూడదని. బెరయ ఊరివాళ్ళు ఏం చేశారో అపొస్తలుల కార్యాలు 17లో ఉంది. సాక్షాత్తు పౌలు చెప్పినదాన్నే లేఖనాలు తీసి నిజమా కాదా అని రోజూ సరిచూశారు. వాళ్ళను తిట్టలేదు, మెచ్చుకున్నారు. ఆ ఊళ్ళో నమ్మినవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారని కూడా అక్కడే ఉంది. ఈ సంగతి ఏ పాస్టరుగారూ స్త్రీల కూటంలో చెప్పగా నేను వినలేదు.

నూనె సంగతి బైబిల్లో లేదా అంటారు. ఉంది, యాకోబు పత్రికలో. అక్కడ సంఘపు పెద్దలే రోగి దగ్గరికి వెళ్ళాలి. రోగి టోకెన్ తీసుకుని లైన్లో నిలబడాలని, సీసాకింత అని లేదు. మాత్రలు మానమని అసలే లేదు. నేనూ రోగుల కోసం ప్రార్థన చేస్తాను, దేవుడు బాగుచేస్తాడని నమ్ముతాను. ఆ నమ్మకానికి రేటు కట్టి, బాగవ్వకపోతే తప్పు ఆడదాని మీద వేసే వ్యాపారంతోనే నా పేచీ.

మా వారు ఒకసారి, "అయితే స్వేచ్ఛ వచ్చింది కాబట్టి వంట మానేస్తావా?" అని నవ్వారు. వంట మానలేదు. లూథరే 1520లో క్రైస్తవుల స్వేచ్ఛ గురించి చిన్న పుస్తకం రాస్తూ సేవ గురించి కూడా రాశాడు. దేవుడి దగ్గర మార్కుల కోసం చేయాల్సిన పనిలేదు కాబట్టి పక్కవాళ్ళ కోసం మనసారా చేయొచ్చని దాని సారం. రోజూ సాయంత్రం అత్తయ్య కాలు కడిగి, తుడిచి, వేళ్ళ మధ్య తడి లేకుండా చూస్తాను. ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి నెల ఆ పని భయంతో, నేరం చేసినదాన్నన్న బరువుతో చేశాను. ఇప్పుడు కబుర్లు చెప్పుకుంటూ చేస్తున్నాం. పని అదే. శుక్రవారం ఎప్పుడైనా ఉపవాసం ఉంటాను, ఎప్పుడైనా ఉండను. కానుక ఇస్తాను, ఎంతో ఎవరికీ చెప్పను. గాజులు వేసుకుంటున్నాను.

ఆ కరపత్రం అత్తయ్యకు చూపించాను, దాచడమెందుకని. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"కుర్చీలు వేస్తారంటనా?"

"అవునంట అత్తయ్యా. వెళ్దామా?"

"నా మాత్ర ఏది, అది ఇవ్వు ముందు" అంది. వేసుకుని నీళ్ళు తాగాక, బీరువా పైనున్న ఆ పాత సీసా కిందికి తీయించింది. సగం పైనే ఉంది ఇంకా. మూత తీసి వాసన చూసింది.

"కొబ్బరినూనేనే. పాడవలేదు. పిల్లదాన్ని పిలు, జడ వేస్తాను."