దీపాల వేళ తడబడే బిడ్డ

చిట్యాల నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మా బాబుకి మూడున్నరేండ్లు. పోయిన నెల తట్టు పోసి తగ్గింది. ఇప్పుడు పొద్దు గూకితే చాలు, గడప తన్నుకుంటున్నడు. ముందున్న పళ్ళెంలో అన్నం తడుముకుంటున్నడు. పగలు మంచిగనే ఆడుకుంటడు. మా అత్తమ్మ దిష్టి అంటున్నది. ఏం చెయ్యాలె?" అని.

అమ్మా, ఈ పత్రిక మీ చేతికొచ్చిన రోజే బాబును ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. మీ అత్తమ్మగారు దిష్టి తీస్తే తీయనివ్వండి, ఆసుపత్రి మాత్రం రేపటికి వాయిదా వేయకండి. మీరు రాసినవి రేచీకటి లక్షణాలు. శరీరంలో విటమిన్ ఎ నిల్వ అడుగంటితే మొదట కనిపించేది ఇదే. విటమిన్ ఎ మందు ఈ రోజు ఒక మోతాదు, రేపు ఒక మోతాదు, కొన్ని వారాల తరవాత మూడోది ఇస్తారు. ఈ దశలో మందు పడితే రేచీకటి కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. అశ్రద్ధ చేస్తే కంటి తెల్లగుడ్డు ఎండిపోయి, దాని మీద సబ్బు నురగలాంటి మచ్చలు తేలతాయి. ఆ పైన నల్లగుడ్డు మెత్తబడితే చూపు మళ్ళీ రాదు. అది రోజుల్లో జరిగిపోగలదు.

ఇక మిగతా అమ్మలందరికీ. తట్టుకూ కళ్ళకూ ఏమిటి సంబంధం అంటారా? విటమిన్ ఎ మన కాలేయంలో నిల్వ ఉంటుంది. తట్టు వచ్చిన బిడ్డకు జ్వరంతో, విరేచనాలతో ఆ నిల్వ గబగబా కరిగిపోతుంది. సరిగ్గా అప్పుడే మనం ఏం చేస్తాం? అమ్మవారు పోసిందని ఇంట్లో పోపు మానేస్తాం. నూనె లేదు, ఆకుకూర లేదు, గుడ్డు లేదు. చప్పిడి అన్నం, మజ్జిగ. ఇంటి శుభ్రత, బిడ్డకు విశ్రాంతి, వేపాకు, ఇవన్నీ ఉంచుకోండి, నేనేమీ కాదనను. పత్యం ఒక్కటి మార్చండి. తట్టు వచ్చిన బిడ్డకు వరసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది దాటిన వాళ్ళకు రోజుకు 2 లక్షల యూనిట్లు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు వాళ్ళకు 1 లక్ష. ఇది ఆసుపత్రిలో ఇచ్చేది, దుకాణంలో కొని ఇంట్లో పోసేది కాదు.

పూర్వం మన పల్లెల్లో రేచీకటికి మేక కార్జం పెట్టేవారు. పెద్దవాళ్ళకు విటమిన్ పేరు తెలియకపోయినా మందు తెలుసు! కార్జం నిండా విటమిన్ ఎ ఉంటుంది. అయితే గర్భిణులు మాత్రం కార్జం తరచుగా తినవద్దు, డాక్టరు చెప్పకుండా విటమిన్ ఎ మాత్రలు వేసుకోవద్దు. అది ఎక్కువైతే కడుపులో బిడ్డకు చేటు.

మన హైదరాబాదుకు ఈ విషయంలో పెద్ద పేరే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల పిల్లలకు ఏడాదికొకసారి పెద్ద మోతాదు విటమిన్ ఎ నోట్లో పోసి చూస్తే కంటి జబ్బు లక్షణాలు బాగా తగ్గాయి. ఆ అనుభవంతోనే 1970లో దేశమంతటా ఈ మందు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు కళ్ళు పోయేంత లోపం చాలా అరుదు. అయినా 2016-18లో జరిగిన జాతీయ సర్వేలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి దాదాపు 18 మందికి విటమిన్ ఎ తక్కువగా ఉందని తేలింది.

మందు సంగతి అలా ఉంచి వంటింట్లోకి రండి. తెల్లన్నంలో ఈ విటమిన్ లేదు. చారులో లేదు. కళ్ళకు మంచిదని పట్నం నుంచి క్యారెట్లు తెప్పించుకునేవాళ్ళు ఉన్నారు, కానీ శరీరం విటమిన్ ఎ గా మార్చుకునే బీటా కెరోటిన్ క్యారెట్‌లో కంటే తోటకూరలోనే ఎక్కువండీ. మునగాకులో తోటకూరకు రెట్టింపు. మూడేళ్ళ బిడ్డకు రోజుకు 50 గ్రాముల తోటకూర ఇంచుమించు సరిపోతుంది. పాలకూర, పుంటికూర, పొన్నగంటి, గునుగాకు, బొప్పాయి, మాగిన మామిడి, ఏవి దొరికితే అవి. చేలల్లో తెంపుకొచ్చే ఆకు విషయంలో జాగ్రత్త. పత్తి చేలకు మందులు కొడుతున్న కాలం ఇది, ఏం కొట్టారో తెలియని చేను జోలికి వెళ్ళకండి. పెరట్లో ఒక మడి చాలు.

పిల్లవాడు ఆకుకూర ఉమ్మేస్తాడంటారు. పెద్దవాళ్ళ కారంతో పెడితే ఉమ్మేయడా మరి! గుప్పెడు తోటకూర సన్నగా తరిగి, పెసరపప్పులో వేసి మూత పెట్టి ఉడికించండి. ఉప్పు, చిటికెడు పసుపు చాలు. పప్పుగుత్తితో బాగా మెదిపి, ఒక చెంచా నూనెతో జీలకర్ర పోపు పెట్టి, మెత్తటి అన్నంలో కలపండి. ఆ చెంచా నూనె రుచి కోసం కాదు, కొవ్వు లేకపోతే కెరోటిన్ ఒంటికి పట్టదు. బాగా మెదిపితే ఇంకా బాగా పడుతుంది. నూనె ప్యాకెట్టు మీద ప్లస్ గుర్తుతో 'ఎఫ్' అక్షరం ఉంటే అందులో విటమిన్ ఎ, డి కలిపారని అర్థం. అంగన్‌వాడీ గుడ్డులో పచ్చసొన తీసి పారేయకండి, విటమిన్ అంతా అందులోనే ఉంది.

ఎండాకాలం ఆకు దొరకదని మునగాకు ఎండబెడతారు కదా, ఎండలో కాదు, నీడన ఆరబెట్టండి. ఎండకు కెరోటిన్ పోతుంది. పొడి చేసి, వెలుతురు తగలని డబ్బాలో పెట్టుకోండి.

ఒక సంగతి నాకెప్పుడూ వింతే. గేదె ఈనితే జున్ను కోసం ఇరుగుపొరుగు గిన్నెలు పంపుతారు. అదే బాలింత ముర్రుపాలు చిక్కగా, పచ్చగా ఉన్నాయని పిండి పారబోసిన ఇళ్ళు ఎన్నో! ఆ పచ్చదనం కెరోటిన్‌దే. బిడ్డకు అందే మొదటి విటమిన్ ఎ ఆ పాలలోనే ఉంది.

తొమ్మిది నెలలకు తట్టు టీకాతో పాటు 1 లక్ష యూనిట్లు, 16 నుంచి 18 నెలల మధ్య 2 లక్షలు, ఆ తరవాత ఐదేళ్ళు నిండేదాకా ఆరు నెలలకొకసారి 2 లక్షలు. మొత్తం 9 మోతాదులు. ఇచ్చిన ప్రతిసారీ ఏఎన్‌ఎమ్ చేత కార్డులో తేదీ వేయించుకోండి. పుట్టింటికి వెళ్ళినా కార్డు వెంట ఉంచుకోండి, అక్కడ తెలియక రెండోసారి పోయకుండా ఉంటారు.