కన్నతల్లి ఇవ్వని బిడ్డ

దత్తత గురించి మన సంఘాల్లో ప్రసంగాలు చాలానే వింటాం. దేవుడు మనల్ని తన పిల్లలుగా స్వీకరించాడన్న పౌలు బోధ మనకు ప్రాణం. మరి ఒక కన్నతల్లి కోర్టు మెట్లెక్కి, నా బిడ్డను నేను ఎవరికీ ఇవ్వలేదు అంటే, మనం ఎవరి పక్కన నిలబడాలి?

ఈ ప్రశ్న మన చెన్నైకి కొత్త కాదు. 1999లో పులియంతోపులో రాత్రి నిద్రపోతున్న ఏడాదిన్నర పిల్లవాడు మాయమయ్యాడు. అదే ఏడాది, అదే పేటలో, వీధి పంపు దగ్గర ఆడుకుంటున్న మరో పసివాడు కనబడకుండా పోయాడు. ఇద్దరివీ రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబాలే. 2005లో పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నాక గాని అసలు సంగతి బయటికి రాలేదు. పిల్లల్ని ఎత్తుకొచ్చి మలేషియన్ సోషల్ సర్వీసెస్ అనే దత్తత సంస్థకు అమ్మారనీ, తల్లే అప్పగించినట్టు దొంగ కాగితాలతో విదేశాలకు పంపారనీ కేసు. మద్రాసు హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

మొదటి పిల్లవాడి జాడ నెదర్లాండ్స్‌లో తేలింది. కన్నవాళ్ళు అక్కడి కోర్టుకే వెళ్ళి డీఎన్ఏ పరీక్ష చేయించమని అడిగారు. 2010లో కోర్టు కాదంది.

పదేళ్ళు పెరిగిన ఇంట్లో పిల్లవాడి మనసు చెదరగొట్టడం న్యాయమా అని కొందరు అడుగుతారు. అది మంచి ప్రశ్నే. కానీ నిజం తేల్చడం వేరు, బిడ్డను లాక్కోవడం వేరు. సొలొమోను ముందు నిలిచిన తల్లి బిడ్డ బతికితే చాలని తన హక్కునే వదులుకుంది. అయినా తల్లి ఎవరో తేల్చకుండా రాజు తీర్పు ముగించలేదు. తాను ఎవరి బిడ్డో తెలుసుకోవడం ఆ పిల్లవాడి హక్కు కూడా.

నిజం త్వరగా తేలితే అందరికీ మేలు. కేరళలో ఒక తల్లి, తన అనుమతి లేకుండా బిడ్డను దత్తతకు పంపారని పోరాడింది. 2021 నవంబరులో, ఆంధ్ర దంపతుల సంరక్షణలో ఉన్న ఆ బిడ్డను వెనక్కి రప్పించి, డీఎన్ఏ పరీక్ష జరిపి, తిరువనంతపురం కుటుంబ కోర్టు తల్లి చేతుల్లో పెట్టింది. అప్పటికి బిడ్డకు ఏడాది దాటింది, అంతే. ప్రేమతో పెంచిన ఆ దంపతుల తప్పేమీ లేదు. కాగితాలు చూడవలసినవాళ్ళు సరిగా చూడకపోతే ఇరువైపులా గుండెలు పగులుతాయి.

యువతీ యువకులారా, ఇది మన గడప దాకా వచ్చే విషయం. హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. మనకున్న దారి జువెనైల్ జస్టిస్ చట్టం. దాని ప్రకారం, బిడ్డను పెంచుకోలేని తల్లి బాలల సంక్షేమ కమిటీ ముందే అప్పగించాలి. ఆ తర్వాత మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంటుంది. పరువు పోతుందని ఆసుపత్రిలోనే గుట్టుగా బిడ్డను చేతులు మార్చడం, దానికి సంఘ పెద్దలో పాస్టరో మధ్యవర్తిగా నిలవడం పుణ్యకార్యం కాదు, నేరం.

మురికివాడలో ఒక బిడ్డ తప్పిపోతే, ఆ తల్లితో కలిసి పోలీస్ స్టేషనుకు వెళ్ళేవాళ్ళు కావాలి. ఎఫ్ఐఆర్ రాసేదాకా కదలని పదిమంది విశ్వాసులు ఆమె వెంట ఉంటే చాలు. పేదరికం వల్ల బిడ్డను వదులుకోబోతున్న తల్లి కనబడితే, దత్తత మాట ఎత్తేముందు ఆమె ఇంటి అద్దె, పాల ఖర్చు సంగతి అడుగుదాం. అనాథను ఆదుకోమన్న దేవుడే విధవరాలి పక్షాన నిలబడమన్నాడు. ఒకరిని ఆదుకోవడానికి ఇంకొకరిని దోచుకోమని ఎక్కడా చెప్పలేదు.