గుండె పరీక్ష కూలీల వాడకు రావాలి

గుండెజబ్బు కూర్చుని తినే కామందులకే వస్తుందనీ, రెక్కలు ముక్కలు చేసుకునే కూలోడి జోలికి రాదనీ మన పల్లెల్లో ఇంకా ఒక నమ్మకం ఉంది. ఇది ఎంత తప్పో తెలియడానికి దూరం పోనక్కర్లేదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాలను తీసుకుని, ఏడాది కాలంలో చనిపోయిన 1,354 మంది ఎందువల్ల పోయారో ఇంటివాళ్లను అడిగి లెక్క తీశారు. నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారని తేలింది. అందులో గుండెపోటు ఎంతో పక్షవాతమూ దాదాపు అంతే. అంటురోగాలతో పోయినవారు నూటికి 12 మందే. అవి పట్నాలు కావు, మన గోదావరి పల్లెలు.

కూలోడి గుండెకు ఏం చేటొచ్చింది? పచ్చడి మెతుకులతో పూట గడిపేవాడి ఒంట్లోకి ఉప్పు ఎక్కువ పోతుంది. ఆకలి చంపుకోడానికి చుట్టో బీడీయో కాలుస్తాడు. అప్పు, వడ్డీ రాత్రి నిద్ర పోనివ్వవు. రక్తపోటు ఉన్నా నొప్పి ఉండదు గనక తెలీదు. ఇరుకు కొంపల్లో పిల్లలకు గొంతునొప్పి వస్తే పట్టించుకునే తీరిక ఉండదు. ఆ గొంతునొప్పి కొందరికి కీళ్లవాతంగా మారి గుండె కవాటాలను పాడు చేస్తుంది. మూడు, నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయిస్తే ఆ చేటు ముదరకుండా ఆపొచ్చు. ఇది అచ్చంగా పేదరికం తెచ్చే గుండెజబ్బు.

మరి పరీక్ష మాటేమిటి? మొదట కావలసినవి బ్రహ్మవిద్యలేం కావు. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూడాలి. వేలు గుచ్చి షుగరు చూడాలి. ఛాతీకి తీగలు తగిలించి ఈసీజీ తీయాలి. ఈసీజీకి పట్టేది అయిదు, పది నిమిషాలు. ఆ యంత్రం సంచిలో పడుతుంది. అనుమానం ఉంటే ఎకో తీస్తారు. గుండె ఎంత బలంగా కొట్టుకుంటోందో, కవాటాలు సరిగా మూస్తున్నాయో అందులో కనపడుతుంది. ఒక్కమాట గుర్తుంచుకోవాలి: ఒకసారి ఈసీజీ బాగుందన్నంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు. నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాల్సిందే.

కోరుకొండ నరసింహస్వామి కొండ మెట్లు నాలుగెక్కి ఆయాసంతో చతికిలబడినవాడు 'వయసైపోయింది' అనుకుంటాడు. ఊడుపుల్లో గుండెలో బరువెక్కిన మనిషి 'గ్యాసు' అనుకుని సోడా తాగుతాడు. ఆడకూలీలకైతే నొప్పి దవడకో వీపుకో పాకుతుంది, ఒక్కోసారి నీరసం, చెమటలు మాత్రమే పడతాయి. 'ఎండదెబ్బ'ని ఇంట్లోనే పడుకోబెడతారు. గుండెపోటులో పోయేది కాలమే. రక్తనాళంలో గడ్డ అడ్డుపడ్డ ప్రతి నిమిషమూ గుండె కండ చస్తూ ఉంటుంది. మొదటి రెండు మూడు గంటల్లో గడ్డ కరిగిస్తే మనిషి మళ్లీ పనిలోకి దిగే ఆశ ఉంటుంది. పన్నెండు గంటలు దాటాక ఆ సూదితో ఫలితం బహు తక్కువ.

కోరుకొండ, గోకవరం ఊళ్లవాళ్లకు పెద్దాసుపత్రి అంటే రాజమండ్రే. చిన్న పరీక్షకు కూడా అక్కడికే పోవాలంటే ఆ రోజు కూలి పోతుంది. తోడొచ్చినవాడి కూలీ పోతుంది. బస్సు చార్జీ, టిఫిను, బయట పరీక్షల ఖర్చు సరేసరి. అందుకే కూలోడు నొప్పి వచ్చినప్పుడు కాదు, పడిపోయినప్పుడే పట్నం పోతాడు. అది వాడి అజ్ఞానం కాదు, వాడి లెక్క.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం లేదు. 2005లో 108 వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదవాడి గుండెకు ఆపరేషన్ జరిగిందంటే దాని పుణ్యమే. కానీ ఆ పథకం డబ్బు ప్రధానంగా జబ్బు ముదిరి మంచమెక్కాక విడుదలయ్యే డబ్బు. అందులో పెద్ద వాటా ప్రైవేటు ఆసుపత్రులకు పోయేదే. బకాయిలు రాలేదని ఆ ఆసుపత్రులు సేవలు ఆపేస్తే రోగి గుమ్మం దగ్గర నిలబడాల్సిందే. 2024లోనూ, 2025లోనూ ఆ ముచ్చటా చూశాం. ముదరకుండా ఆపే రూపాయి, రెండు రూపాయల మాత్ర మీద మాత్రం ఎవరికీ లాభం లేదు. కనక దాని గురించి ఎవరూ మాట్లాడరు.

2023లో రాష్ట్రంలో మంచి పని ఒకటి మొదలైంది. ఊరి దగ్గరి సర్కారు ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, దాన్ని పెద్దాసుపత్రి డాక్టరుకు పంపి, ఆయన చెప్తే గడ్డ కరిగించే ఖరీదైన సూది అక్కడే ఉచితంగా వేసే పద్ధతి. అదే మన దారి. అయితే ఆ సూది రాత్రి పన్నెండింటికి వచ్చిన కూలీకి కూడా దొరకాలి.

పరీక్ష ఒక్కటే చాలదని చెప్పే అనుభవమూ మన పక్కనే ఉంది. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పోయి, చేతి యంత్రంతో ఎవరి గుండెకు ప్రమాదం ఉందో లెక్కగట్టారు. ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. ఆశా చెప్తే జనం డాక్టరు దగ్గరికి బాగానే వెళ్లారు. కానీ రక్తపోటు అదుపులోకి వచ్చినవారి సంఖ్య చెప్పుకోదగినంత పెరగలేదు. దీన్నిబట్టి మనకు అర్థం కావలసింది ఒకటే. కొలిచి చీటీ రాస్తే జబ్బు తగ్గదు. డాక్టరు ఉండాలి, మాత్ర నెలనెలా తప్పకుండా చేతికి అందాలి, వేసుకుంటున్నాడో లేదో కనుక్కునే మనిషి ఉండాలి. ఆ మనిషి ఆశా కార్యకర్తే అయితే ఆమె చాకిరీకి తగిన జీతమూ ఇవ్వాలి.

డబ్బు లేదంటారా? 2017 ఫిబ్రవరిలో కేంద్రం గుండెలో వేసే స్టెంటు ధరకు కళ్లెం వేసింది. అంతకుముందు లక్ష దాటి అమ్మిన మందుపూత స్టెంటు 29,600 రూపాయలకు దిగింది. ఒక్క ఉత్తర్వుతో ధర దిగిందంటే, అంతవరకూ రోగి గుండె మీద ఎంత వ్యాపారం జరిగిందో ఊహించుకోండి. జనం అడిగితే, కోర్టుకెక్కితే కదిలింది. అడక్కపోతే కదిలేది కాదు.

మధురపూడిలో విమానాలు దిగే మండలం మనది. ఆ మండలంలో కూలీ గుండె చూసే ఏర్పాటు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. వ్యవసాయ కార్మిక సంఘాలు కూలిరేట్ల మహజరులో ఈ నాలుగూ చేర్చాలి. ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ యంత్రం, దాన్ని నడిపే మనిషి రాత్రింబవళ్లు ఉండాలి. రక్తపోటు, షుగరు పరీక్ష కూలీలు పనినుంచి వచ్చే సాయంత్రం వేళ, వాడలోనే జరగాలి. మాత్రలు నెలకు సరిపడా, తెంపు లేకుండా ఇవ్వాలి. నెలకొకసారి గుండె డాక్టరు ఎకో యంత్రంతో మండలానికి రావాలి.

అంతవరకూ మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. ముప్పయ్యేళ్లు దాటిన ప్రతి కూలీ, ఆడా మగా, ఏడాదికొకసారి రక్తపోటు చూపించుకోవాలి. గుండెలో బరువు పది నిమిషాలు దాటి తగ్గకపోతే సోడా మాట మరిచి 108కి ఫోను కొట్టాలి. కూలి పెంచమని అడిగే నోరే ఈసీజీ యంత్రమూ అడగాలి. కూలి పెరిగినా, దాన్ని ఇంటికి తెచ్చే మనిషి బతికుంటేనే కదా ఉపయోగం.