బల్ల మీది ఫోన్ దండగ కాదు

కంప్యూటర్‌లో సాఫ్ట్‌ఫోన్ యాప్ వేస్తే చాలు, బల్ల మీద విడిగా ఫోన్ దండగ అనే మాట ఆఫీసుల్లో ఇప్పుడు బాగా చెల్లుబాటవుతోంది. రెండూ ఎక్కువగా సిప్ అనే ప్రమాణంతోనే కాల్ కలుపుతాయి కాబట్టి తేడా ఖర్చులోనేనని ఈ వాదన చెబుతుంది. ఇది తప్పు. అసలు చూడవలసింది ఆ నంబరు మనిషిదా, చోటుదా అన్నది.

ఆసుపత్రి నర్సింగ్ స్టేషన్‌నే తీసుకుంటే, అక్కడి నంబరు ఏ ఒక్క నర్సుదీ కాదు. షిఫ్టు మారగానే మనుషులు మారతారు. కంప్యూటర్ లాక్ అయి ఉంటుంది, హెడ్‌సెట్ ఏ సొరుగులోనో ఉంటుంది. రక్త పరీక్ష ఫలితం చెప్పడానికి ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే, దగ్గరున్నవారెవరైనా రిసీవర్ ఎత్తి మాట్లాడగలగాలి. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లేంత వ్యవధి అక్కడ ఉండదు. సెక్యూరిటీ గేటుకు, హోటల్ గదికి, రిసెప్షన్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

మాట నాణ్యతలోనూ తేడా ఉంది. జీ.711 అనే ధ్వని సంకేతీకరణ పద్ధతిలో గొంతు సాధారణంగా సెకనుకు 50 ప్యాకెట్లుగా వెళ్తుంది. అవి ఆలస్యమైతే మాట తెగుతుంది. డెస్క్ ఫోన్‌కు మాట చేరవేయడం తప్ప వేరే పని లేదు. దాన్ని విడి వీలాన్‌లో (నెట్‌వర్క్‌లో వేరుచేసిన భాగంలో) పెట్టి, స్విచ్‌లో ప్రాధాన్యం ఇవ్వడం తేలిక. సాఫ్ట్‌ఫోన్ మాత్రం బ్రౌజర్, అప్‌డేట్, వైరస్ స్కాన్‌లతో ఒకే యంత్రాన్ని పంచుకోవాలి. వైఫై బలహీనంగా ఉంటే ఆ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

కరెంటు సంగతి మరీ ముఖ్యం. 2003లో వచ్చిన పవర్ ఓవర్ ఈథర్‌నెట్ ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల దాకా విద్యుత్తును నెట్‌వర్క్ తీగలోనే పంపగలదు. డెస్క్ ఫోన్‌కు ఇది సాధారణంగా సరిపోతుంది. స్విచ్‌కు, ఫోన్ సర్వర్‌కు యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా ఆఫీసు లోపలి కాల్స్ ఆగవు. బల్ల మీది కంప్యూటర్లన్నిటికీ అంత బ్యాకప్ పెట్టడం పెద్ద ఖర్చు. పొదుపు లెక్క వేసేవారు ఇక్కడ సాధారణంగా కళ్లు మూసుకుంటారు. మంచి హెడ్‌సెట్ ధరనూ, అది పాడైతే మళ్లీ కొనే ఖర్చునూ కలపరు.

ఇంటి నుంచి పనిచేసేవారికి, ఊళ్లు తిరిగే అమ్మకాల సిబ్బందికి, ఖాతాదారు వివరాలు తెరపై చూస్తూ మాట్లాడే కాల్ సెంటర్‌కు సాఫ్ట్‌ఫోనే తగినది. అక్కడ నంబరు మనిషితో పాటు నడవాలి. అలాగని ఒకదాన్ని పూర్తిగా వదులుకోనక్కర్లేదు. ఒకే ఎక్స్‌టెన్షన్‌ను బల్ల మీది ఫోన్‌లోనూ యాప్‌లోనూ ఒకేసారి మోగించే వీలు చాలా పీబీఎక్స్‌లలో (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజీలలో) ఉంది.