క్రీడావార్తలును మన యుదాసీనతయు

వార్తాపత్రికను కడపటి పుటనుండి చదువ నారంభించు గృహస్థులు మనలో పెక్కండ్రు గలరు. మొదటి పుటలోని రాజకీయములు మనస్సును కలచుననియు, క్రీడల పుట సేదదీర్చుననియు వారి యభిప్రాయము. ఆటలలో రాజకీయము చొరరాదని వారు తరచుగా ననుచుందురు. వినుటకు మాట చక్కగానే యున్నది. కాని యాటగాండ్రకు అన్యాయము జరిగినప్పుడు ఈ చక్కని మాటయే వారి మొర మన చెవి సోకకుండ తలుపు మూయుచున్నదని మేము చెప్పుచున్నాము.

2023 జనవరి 18వ తేదీని ఢిల్లీలో జంతర్ మంతర్ కడ వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజ్‌రంగ్ పునియా మొదలగు మల్లులు ధర్నాకు గూర్చుండిరి. కుస్తీ సమాఖ్యాధ్యక్షుడును, అప్పటి లోకసభ సభ్యుడును నగు బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్ స్త్రీమల్లులను లైంగికముగా వేధించెనని వారి యారోపణ. ఆయన దానిని నిరాకరించెను. ప్రభుత్వము పర్యవేక్షక సంఘమును నియమించెను. మూడు నెలలు గడచినను ఫలము గానరాక, ఏప్రిల్ 23న మల్లులు మరల వీథికెక్కిరి. ఒక బాలికతో గూడ ఏడుగురు సర్వోన్నత న్యాయస్థానము నాశ్రయించిన పిమ్మటగాని, ఏప్రిల్ 28న, పోలీసులు కేసు నమోదు చేయలేదు. ఒలింపిక్ పతకధారులు ముందు నిలిచి మొరపెట్టినను ఇంత జాగైనచో, పేరెరుగని పల్లెపడుచు మొర యెవరు విందురు?

మే 28న మల్లులు నూతన పార్లమెంటు భవనమువైపు నడువబోగా, పోలీసులు వారిని నేలపై నీడ్చి బస్సుల కెక్కించిరి. ఆనాడే యహమ్మదాబాదులో ఐపీఎల్ తుదిపోటీ జరుగవలసియుండి, వర్షమువలన మరునాటికి వాయిదాపడెను. ఆ సాయంకాలము మన యిండ్లలో వాన వెలిసెనా యని యడిగినవారెందరు? ఆ మల్లులను విడిచిరా యని యడిగినవారెందరు?

క్రికెట్ వీరులేల మాటాడరని వినేశ్ బహిరంగముగానే ప్రశ్నించెను. 1983 ప్రపంచవిజేతలలో పలువురు జూన్ 2న మల్లులకు సానుభూతి తెలిపిరి; నాడు మైదానమున వెలుగుచున్నవారిలో నధికులు మౌనమే వహించిరి. వారిని నిందించుట సులభము. కాని వారి మౌనమునకు వెల కట్టినది మనమే. వారినుండి పరుగులు కోరితిమి గాని మాట కోరలేదు.

ఇక మల్లుల నిస్సహాయత కేది మూలము? శిబిరమునకు పిలుచునది సమాఖ్య; జట్టున కెన్నుకొనునది సమాఖ్య; తొలుత మొర చెప్పుకొనవలసినదియు సమాఖ్యకే. ఆ సమాఖ్య నెన్నుకొను ఓటు రాష్ట్ర సంఘములది గాని మల్లులది గాదు. 2023 డిసెంబరు 21 నాటి యెన్నికలో బ్రిజ్‌భూషణునకు సన్నిహితుడగు సంజయ్ సింగ్ 47 ఓట్లలో 40 పొంది గెలువగా, సాక్షి మలిక్ తన బూట్లను బల్లపై నుంచి కుస్తీని విడనాడెను. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము. ఆటలలో రాజకీయము చొరరాదనువారు ఇప్పుడేమందురు? అది చొరబడుటయే గాక, అచ్చట అధ్యక్షపీఠమున గూర్చున్నది!

వ్యవహారము న్యాయస్థానమున నున్నప్పుడు మనకేల యని కొందఱందురు. బాలిక పక్షమున వచ్చిన కేసును మూసివేయవలెనన్న పోలీసుల నివేదికను 2025 మే 26న న్యాయస్థానము అంగీకరించినది. తక్కిన స్త్రీల కేసులో, ఐదుగురి ఫిర్యాదులపై, అభియోగములు మోపుటకు 2024 మే 10న ఆజ్ఞ యైనది. దోషి యెవరో తేల్చుట న్యాయమూర్తి పని. మొరపెట్టువారి నీడ్వకుండ చూచుట పౌరుల పని. మొదటి దానిని సాకుగా జేసి రెండవదానిని విడుచుట ధర్మమా?

2024 ఆగస్టు 7న ప్యారిస్‌లో వినేశ్ నూరు గ్రాముల యధిక బరువువలన తుదిపోటీకి దూరమైనప్పుడు దేశము కంట తడిపెట్టెను. ఏడాది క్రిందట ఆమె నీడ్చినప్పుడు ఆ కన్నీ రెచ్చట దాగియుండెను? పతకము పోయినందుకు దుఃఖించితిమి. దానిని తెచ్చు మనిషికి జరిగిన యవమానము మనకు వార్త మాత్రమే యైనది.

"మనమేమి చేయగల" మని చదువరు లడుగవచ్చును. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టము క్రీడాసంస్థలను, మైదానములను గూడ పనిచోట్లుగా పేర్కొనుచున్నది. పదిమంది పనిచేయుచోట అంతర్గత కమిటీ యుండవలెననుచున్నది. అట్టి కమిటీలు సక్రమముగా లేవన్న వార్తపై 2023 మేలో జాతీయ మానవ హక్కుల సంఘము పలు సమాఖ్యలకు తాఖీదులు పంపినది. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతస్త్రీ, 2000లో సిడ్నీయందు గెలిచిన కరణం మల్లీశ్వరి, తెలుగునాటి యాడపడుచే. నేడు మన బాలికలును మైదానములకు బోవుచున్నారు. రుసుము చెల్లించుటకు ముందు తండ్రి యొక్క ప్రశ్న యడుగవలెను: ఇచ్చట కమిటీ గలదా, అందెవరున్నారు? తల్లియు నడుగవలెను. ఒక్క రడిగిన విసుగుకొందురు. పదుగు రడిగిన జవాబు చెప్పుదురు. ఈపాటి ప్రశ్నకైనను నోరు విప్పనివారు తమకు శక్తి లేదని చెప్పుకొనుట తగదు.