రాజ్యంలో రెండో సగం

కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార, దారిలో భామిని, కొత్తూరు, హిరమండలం మీదుగా దిగివస్తుంది. ఆ పక్క కొండల్లోని సవరలకు, జాతాపులకు రాజ్యం ఏమిటో ఏ పుస్తకమూ చెప్పలేదు. ఫారెస్టు గార్డు మామూలు, షావుకారు కాటా, అప్పు పత్రం: వాళ్లెరిగిన సర్కారు ఇదే.

వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే బడిపంతుళ్లు అక్కడ తుపాకీతో మొదలుపెట్టలేదు. గిరిజన సంఘం కట్టి పాలేర్ల కూలి పెంచమన్నారు, పోడు మీద హక్కు అడిగారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు మహాసభకు వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ముద్దాయిలను కోర్టు వదిలేసింది. రాజ్యం ఎవరి పనిముట్టో కొండ మీద తెలిసిరావడానికి ఆ తీర్పు చాలింది. మరుసటి ఏడు నవంబరుకల్లా సాయుధ పోరాటం. 1970 జూలై 10న సత్యం, కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు.

‘రాజ్యము - విప్లవము’లో పాత యంత్రాన్ని బద్దలుకొట్టమన్న లెనిన్ మాట అందరికీ గుర్తే. ఆ స్థానంలో ఏం పెట్టాలో 1871 పారిస్ కమ్యూన్ నుంచి అతను ఏరుకున్నవి చూడండి: ఎన్నుకున్నవాణ్ణి వెనక్కి పిలిచే హక్కు, అధికారికీ కార్మికుడి జీతమే. ఇలాంటిదానికి మన దగ్గర మొలక ఎక్కడైనా ఉంటే ఆ గిరిజన సంఘం సభల్లో ఉంది. సాయుధ పోరాటం పట్టిన వర్గశత్రు నిర్మూలన పంథా దాన్ని ఎండగట్టిందనే నా అభిప్రాయం. పోలీసు దెబ్బ సంగతి సరే, అది ఎలాగూ పడేదే.

కథకుడు కారా మాస్టారి ‘యజ్ఞం’ కథ లేవిడి కాల్పులకు ముందే అచ్చయింది. అందులో తుపాకీ పేలదు. సుందరపాలెం పంచాయతీ ప్రెసిడెంటు శ్రీరాములునాయుడు పెద్దమనిషి. ధర్మం పేరుతోనే అప్పల్రాముడి అప్పు తేలుస్తాడు. అప్పల్రాముడు తలవంచుతాడు. కొడుకు సీతారాముడు ఒప్పుకోలేక కన్నబిడ్డనే చంపుకుంటాడు. బలంతో పాటు సమ్మతి కూడా రాజ్యమేనని గ్రాంసీ జైల్లో రాసుకున్నది ఈ కథలో కళ్లకు కడుతుంది. తుపాకీతో కూలేది మొదటి సగమే.

1970లోనే 1/70 చట్టం వచ్చింది: ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల మధ్య కూడా చేతులు మారకూడదని. అది ఉత్త కంటితుడుపు అనేవాళ్లతో నాకు పేచీ. భయపడిన రాజ్యం చేసిన చట్టమే కావచ్చు, భూమి తగాదాల్లో గిరిజనుడు ఇప్పటికీ పట్టుకునేది దాన్నే.

మా పత్రికకు ఎన్‌కౌంటర్ కథలు చాలానే వస్తాయి. కూలి రేటు మీద రాత్రంతా వాదులాడుకున్న సంఘం సభ గురించి ఎవరైనా రాస్తే ముందు అది వేస్తాం.